దస్తీలు కూర్చున్న హాలు

మా సంఘంలో వక్తలే తప్ప శ్రోతలు లేరు. ఈ సంగతి అందరికీ తెలుసు, పైకి ఎవరూ అనేవారు కాదు. అమీర్‌పేటలో ఒక కంప్యూటర్ శిక్షణ కేంద్రం మేడ మీద, నీళ్ళ ట్యాంకు నీడలో, ప్రతి ఆదివారం పొద్దున చేరేవాళ్ళం. ప్రోగ్రామర్లు, ప్రోగ్రామర్లమని అనుకునేవాళ్ళు, అవుదామని అప్పు చేసి ఫీజు కట్టినవాళ్ళు. ఒకడు లేచి జావా మీద ఉపన్యాసం ఎత్తుకోగానే మిగతావాళ్ళంతా తమ వంతు ఎప్పుడొస్తుందా అని పెదవులు తడుపుకుంటూ కూర్చునేవాళ్ళు. నిజంగా విన్నది ఆ ట్యాంకు ఒక్కటే. అది కూడా భరించలేక మధ్యమధ్యలో పొంగి మా నెత్తిన పోసేది.

తొంభైల చివరి మాట ఇది. మాదాపూర్‌లో బండరాళ్ళ మధ్య గుండ్రటి అద్దాల భవనం లేచి ఎంతో కాలం కాలేదు. గచ్చిబౌలికి వస్తావా అని అడిగితే ఆటోవాడు మన ముఖంలోకి జాలిగా చూసి, ఇంట్లో చెప్పే బయల్దేరావా అని అడిగే రోజులు. ఆ అద్దాల భవనంలోనే సాఫ్ట్‌వేర్ డెవలపర్ల సదస్సు పెడుతున్నారని, అందులో ఒక మధ్యాహ్నం పూట చిన్న హాలును మాలాంటి సంఘాలకు వదిలేస్తారని, ఎవరు ఏం చెప్పాలో మేమే తేల్చుకోవచ్చని కబురొచ్చింది.

కబురు తెచ్చినవాడు మా కార్యదర్శి. సొంతూరు గోపన్‌పల్లి. అందరం ఆయన్ను అన్న అనేవాళ్ళం. పగలంతా శిక్షణ కేంద్రంలో పాఠాలు చెప్పేవాడు. కానీ ఆయన అసలు విద్య వేరు. రోజూ ఊరి నుంచి ఆర్టీసీ బస్సులో వచ్చిపోయేవాడు కదా, బస్సు ఆగకముందే కిటికీలోంచి దస్తీ విసిరి సీటు పట్టడంలో ఈ నగరంలో ఆయనకు సాటి లేదు. దస్తీ అంటే మరేం లేదు, జేబురుమాలు. ఆయన విసిరిన దస్తీ గాలిలో మలుపు తిరిగి, మూడో వరుసలో కిటికీ పక్క సీటు మీద వాలి, నాలుగు మూలలూ తనే సర్దుకునేదని చెప్పుకునేవారు. జనం ఇలాంటివి పెంచి చెబుతారు. నేను కళ్ళారా చూశాను, మూడు మూలలే సర్దుకుంది.

కబురుతో పాటు అన్న ఒక షరతు కూడా మోసుకొచ్చాడు. ఉపన్యాసం మొదలయ్యే వేళకు హాల్లో సగం కుర్చీల్లోనైనా మనుషులు కూర్చుని ఉండాలి. లేకపోతే ఆ పూటకు హాలు మాది కాదు, ప్రింటర్లు అమ్మే ఒక కంపెనీది. వాళ్ళు అక్కడ తమ సరుకు ప్రదర్శించుకుంటారు.

ఆ ఆదివారం ట్యాంకు కింద జరిగిన ప్రణాళికా సమావేశంలాంటిది అంతకుముందు లేదు, తర్వాతా లేదు. ఉన్నవి కొద్దిపాటి ఉపన్యాసాలకు సరిపడే గంటలు, వచ్చిన ప్రతివాడి చంకలోనూ ఒక ఉపన్యాసం. అరిచి అరిచి గొంతులు పోయాయి. చివరికి సాయంత్రానికి వంతులన్నీ పంచుకున్నాక ఒక్కటి మాత్రం దిక్కులేకుండా మిగిలింది. భోజనాల తర్వాత మొట్టమొదటి వంతు. బిర్యానీ తిన్న హైదరాబాదీకి ఆ వేళ ఏం చెప్పినా జోలపాటే. అందరం ఆకాశం వైపు చూస్తూ కూర్చున్నాం.

"ఆ పూట నాకియ్యండప్పా," అంది వెనకనుంచి అక్క. "నిద్దరపోయేటోళ్ళను లేపేది నాకు తెలుసు."

అక్కది అనంతపురం. ఒక కంపెనీలో పాత కోబాల్ ప్రోగ్రాములు దిద్దే పనిలో ఉండేది. ఏడాదిని రెండంకెల్లో రాసుకున్న పాత ప్రోగ్రాములన్నీ రెండువేల సంవత్సరం రాగానే బుర్ర తిరిగి పడిపోతాయని లోకమంతా గగ్గోలుగా ఉన్న కాలం. ఆ జబ్బు ఎక్కడ దాక్కుందో అక్క వాసన చూసి చెప్పేసేదని మా నమ్మకం. ఆమె కంపెనీలోకి కొత్త పిల్లలు ఒక బ్యాచ్‌గా దిగుతున్నారు. వాళ్ళకు పాఠం చెప్పే పని తనకు కావాలని అడిగింది. మేనేజరు ఒప్పుకోలేదు. పని నీకు తెలుసు, కానీ నిండు గదిని పట్టి కూర్చోబెట్టగలవా, పైగా నీ ఇంగ్లీషు, అని నసిగాడట. ఆ మేనేజరు తుమ్మినా ఇంగ్లీషులోనే తుమ్ముతాడని ప్రతీతి. చివరికి ఒక మాట అన్నాడు. సదస్సుకు నేనే వస్తాను, అక్కడొక హాలును గంటసేపు నిలబెట్టి చూపించు, బ్యాచ్ నీది. లేదంటే మద్రాసు నుంచి ఒకాయన వస్తాడు, నువ్వు మూల బల్ల దగ్గరే ఉండి ప్రింటౌట్లు సరిచూస్తూ ఉండు.

"ఇంగ్లీషులో చెప్తావా అక్కా?" అని అడిగాను నేను, భయంభయంగా.

"తెలుగులోనే చెప్తాను. ఆ మూల బల్ల కాడ ఇంగో ఏడాది కూర్చుంటే నేనే ప్రింటౌటు అయిపోతా. ఎట్లయినా పర్వాలే, హాలు మాత్రం నిండాల. మీరు నింపండి, మిగతాది నేను చూసుకుంటా."

హాలు నింపే పూచీ అన్న నెత్తినేసుకున్నాడు. "ఫికర్ జెయ్యకు అక్కా. నా దగ్గర దవా ఉన్నది," అన్నాడు. ఆ మందేమిటో సదస్సు రోజు పొద్దున టీ వేళకు గానీ బయటపెట్టలేదు.

"చూడు తమ్మీ," అన్నాడు నన్ను ఒక అద్దాల స్తంభం చాటుకు లాగి. "మనిషి మాటిస్తే తప్పుతడు. దస్తీ ఏసినోడు తప్పడు. తన దస్తీ కోసమన్న తిరిగొస్తడు. పొద్దున్నే అందరి దస్తీలు వసూల్ జేసి కుర్చీల మీద ఏద్దాం. అన్నం తిన్నంక యాడికి వోతరు? సమజైందా?"

నాకు ఇందులో ఒక్క లోపమూ కనపడలేదు. ఇప్పుడు రాస్తున్నా కనపడటం లేదు. టీ కప్పులు పట్టుకుని నిలబడ్డ వాళ్ళ మధ్య తిరిగాం. భోజనాల తర్వాత హాల్లో ఏసీ కింద సీటు ఆపిపెడతాం, ఒక దస్తీ ఇవ్వండి అంటే చాలు, మీ ఉపన్యాసం దేనిమీదని ఒక్కడు అడిగితే ఒట్టు. సీటు ఆగుతుందన్న మాటకు ఈ ఊళ్ళో ఉన్న విలువ అలాంటిది. తెల్లవి, గళ్ళవి, సెంటు వాసనవి, మరో రకం వాసనవి, ఒక పెద్దాయన ఏకంగా భుజం మీది తువ్వాలే తీసి ఇచ్చాడు. అయినా హాలులో సగమే నిండింది. అన్న తడబడలేదు. సంచిలోంచి సుల్తాన్ బజార్‌లో కొన్న కొత్త దస్తీల కట్టలు తీశాడు. అనుమానం రాకుండా రంగురంగులవి తెచ్చి, నలిపి మరీ తెచ్చాడు. మిగిలిన కుర్చీలన్నింటి మీదా పరిచి, తలుపు దగ్గర నిలబడి చూసుకున్నాడు. రిపబ్లిక్ దినోత్సవానికి సికింద్రాబాద్ పరేడ్ మైదానం కూడా అంత నిండుగా ఉండదు.

తప్పు ఎక్కడ జరిగిందో చెబుతాను. సీటు లేనివాడే పరుగెత్తుకొస్తాడు. సీటు ఆగి ఉన్నవాడికి తొందరేముంది? దస్తీలిచ్చిన మహానుభావులంతా నిశ్చింతగా రెండోసారి బిర్యానీ వడ్డించుకున్నారు. మూడోసారి సాలన్ పోయించుకున్నారు. డబుల్ కా మీఠా దగ్గర వరుస కట్టి, వరుసలోనే తింటూ మళ్ళీ అదే వరుస చివరకు చేరారు. ఇక దస్తీ ఇవ్వని జనం, తెలుగులో ఎవరో చెబుతున్నారట అని వింత చూడ్డానికి, వేళకు ముందే హాలు దగ్గరికొచ్చారు. తలుపు తీసి చూస్తే ప్రతి కుర్చీ మీదా దస్తీ. ఒక్కడూ కూర్చోలేదు. కూర్చోడు. పరాయి దస్తీ తీసి కూర్చునే ధైర్యం ఈ నగరంలో ఎవరికీ లేదు, నిజాముల కాలంలోనూ లేదనే అనుకుంటాను. కొందరు నిట్టూర్చి వెనక్కి పోయారు, మిగతావాళ్ళు గోడల వెంట బారులు తీరి నిలబడ్డారు.

మేనేజరు వచ్చాడు. టై సర్దుకుని ఖాళీ కుర్చీలన్నీ ఒకసారి చూశాడు. దస్తీలు చూశాడు. వెళ్ళి గోడకు ఆనుకున్నాడు. వేదిక మీద అక్క ముఖం ఎర్రబడింది.

సరిగ్గా అప్పుడే సదస్సు నిర్వాహకుడొచ్చాడు. బెజవాడ మనిషి, మెడలో పలకంత బ్యాడ్జి, చేతిలో పెన్సిలు.

"ఏవండీ, మొదలెట్టే టైమైపోయింది. ఎవరూ కూర్చోలేదేవిటండీ?"

"హాలు ఫుల్లున్నది సార్. కనవడ్తలేదా?" అన్నాడు అన్న, ఛాతీ ముందుకు తోసి.

"కర్చీఫులు కనబడుతున్నాయండీ. మనుషులేరీ?"

"దస్తీ ఉంటే మనిషి ఉన్నట్టే. మీ బెజవాడల బస్సులెక్కరా మీరు?"

"ఎందుకెక్కమండీ, ఎక్కుతాం."

"సీటు మీద దస్తీ ఉంటే తీసి కూసుంటరా?"

నిర్వాహకుడు అటూఇటూ చూశాడు. "అదెలా కూర్చుంటామండీ, గొడవైపోదూ?"

"మరి గా సీటు నిండినట్టా, నిండనట్టా? మీరే జెప్పుండ్రి."

ఆయన పెన్సిలు చెవి వెనక పెట్టుకున్నాడు. ధర్మసంకటం పూర్తిగా అర్థమైన మనిషి ముఖం అది. కానీ ఉద్యోగం ఉద్యోగమే. "బస్సు రూలు వేరండీ, ఇక్కడి రూలు వేరు. నేను కూర్చున్న తలకాయలు లెక్కపెట్టుకోవాలి. నుంచున్నవి లెక్కలోకి రావు. ప్రింటర్ల వాళ్ళు బయట డబ్బాలు దింపేసుకుని నా ప్రాణం తీస్తున్నారు కూడానూ."

నేను అన్న చెవిలో గొణిగాను. "నువ్వు కొన్నవి తీసెయ్యన్నా, వీళ్ళు కూర్చుంటారు."

"ఏవి నావో యాదికి లేదు రా భై. అన్ని కలిపేసిన. ఎవనిదన్న తీస్తే వాడొచ్చి నా గల్ల వట్టుకోడా?"

అక్క ఇదంతా విన్నది. చేతిలో పారదర్శక కాగితాలు, ప్రొజెక్టర్ మీద పెట్టి చూపించడానికి వారాల తరబడి రంగులేసి రాసుకున్నవి, బల్ల మీద పడేసింది. వేదిక దిగి మొదటి వరుస ముందుకొచ్చి నిలబడింది.

"ఎవురూ కూర్చోవద్దండప్పా," అంది. ఆ గొంతుకు, కారిడార్‌లో వెనక్కి పోతున్నవాళ్ళు కూడా ఆగారు. "కర్చీఫులు యాడుండేవి ఆడే ఉండనీండి. నాకు అవే కావాల. రూలు సారూ, మీరు రవ్వంత సేపు ఓపిక పట్టండి."

నిర్వాహకుడు చెవి వెనకనుంచి పెన్సిలు తీయబోయి ఆగిపోయాడు.

"ఈ ముందు వరస ఒక కరెంటు బిల్లు అనుకోండి," అంది అక్క. "ఈ ఎర్ర కర్చీఫు కాడ్నుంచి ఆ గళ్ళ కర్చీఫు దాకా మనిషి పేరు. దాని పక్కన ఈ రెండు కుర్చీలు ఏడాది. ఆడ్నుంచి చివరి దాకా ఊరు పేరు. ఏడాదికి రెండే కుర్చీలేందని అడుగుతారు. ఆ కాలంలో కంప్యూటర్లో చోటు అంటే మన బస్సులో సీటు మాదిరే. పిసినారితనంగా పంచినారు. తొమ్మిది, తొమ్మిది కూర్చున్నాయి. ముందుండే పంతొమ్మిదికి సీటు ల్యా."

గోడ వెంట చూపు పరిగెత్తించింది. ఆ చూపు ఎక్కడ ఆగుతుందో నాకు ఒక క్షణం ముందే తెలిసింది. వద్దక్కా, వద్దు, అని లోపల మొక్కుకున్నాను.

"సార్, మీరు ఇట్ల రాండి."

మేనేజరు వేలు తన వైపే చూపించుకున్నాడు.

"మీరే సార్. మీరు పంతొమ్మిది. ఈ రెండు కుర్చీల పక్కన నిలబడుకోండి. మీకు సీటు లేదు. మీరు కనపడకపోయినా, ఉండారని అందురూ అనుకుంటా ఉంటారు. అంతే మీ పని."

హాలు ఘొల్లుమంది. ఆ నవ్వుకు అద్దాల భవనం గుండ్రంగా ఒక చుట్టు తిరిగి మళ్ళీ దాని చోట దిగిందని ఇప్పటికీ నా అనుమానం. నవ్వనివాళ్ళం ఇద్దరమే, నేనూ అన్నా. అక్క బ్యాచ్ సంగతి దేవుడెరుగు, ఉద్యోగమే పోయిందని నిశ్చయించుకున్నాం. మేనేజరు మాత్రం నడిచి వచ్చి, చెప్పిన చోట నిలబడ్డాడు.

"ఏడాది మారుతాది. ఈ రెండు తొమ్మిదులు దిగిపోతాయి. రెండు సున్నాలు ఎక్కుతాయి. సార్ కూడా దిగిపోయి ఇరవైని పంపల్ల గదా? పంపడు. సీటే లేనాయన యాడ్నుంచి దిగల్ల? కంప్యూటరు ఆ సున్నాలను చూస్తాది, పక్కన సార్‌ను చూస్తాది. పంతొమ్మిది వందలు అనుకుంటాది. అప్పటికి ఈ బిల్లు కట్టేటాయన పుట్టనే ల్యా. ఇంగ బిల్లు ఎవురికి పోవల్ల? వాళ్ళ ముత్తాతకా?"

"సీట్లు వెంచుండ్రి!" అని అరిచారెవరో వెనకనుంచి.

"పెంచుదాం. ఏడాదికి నాలుగు కుర్చీలు కావాల. పక్కన ఊరు పేరు కూర్చోనుంది. జరపండి చూద్దాం."

ఎవరూ కదల్లేదు. "ముట్టుకోకుండ్రి!" అని అన్న నోరు జారాడు కూడా. అక్క తనే వంగి రెండు దస్తీలను రెండు కుర్చీలు అవతలికి జరిపింది. అక్కడున్నవి మరో రెండు కుర్చీలు అవతలికి. అలా గోడ వెంట ఉన్నవాళ్ళు ఒక్కొక్కరే ధైర్యం తెచ్చుకుని జరుపుతూ పోతే, వరుస చివర రెండు దస్తీలకు కుర్చీ లేక నడవలో పడ్డాయి.

సరిగ్గా ఆ క్షణాన బిర్యానీ ముగిసింది. తలుపు తోసుకుని, పళ్ళు కుట్టుకుంటూ, ఒక భారీ విగ్రహం లోపలికొచ్చింది. తిన్నగా ముందు వరుసలో తన సీటు దగ్గరికి పోయి నిలబడి, దానివైపు వంగి చూసింది.

"ఏందిది? నా తెల్ల దస్తీ యాడ వోయింది? గీ పచ్చది ఎవనిది? పొద్దున్నే ఇచ్చిన నేను!"

అక్క రెండు చేతులూ ఎత్తింది, పండగ వచ్చినట్టు. "చూసినారా? ఈ సారు పాత ప్రోగ్రాము! పోయినసారి యాడుండెనో ఆడికే వచ్చినాడు. చోటు మారిందని ఈయనకు ఎవురూ చెప్పలా. ఇంగోళ్ళది తీసుకోని ఇది నాదే అంటాడు. లేదంటే ఇట్ల కొట్లాటకొస్తాడు. కుర్చీలు జరిపేది ఒక నిమిషం పని. ఇట్లాంటి పాత ప్రోగ్రాములు ఎన్నుండాయో వెతికి, ఒక్కొక్కదానికి కొత్త చోటు చెప్పేది, అదీ మన పని!"

పాత ప్రోగ్రామంటే తిట్టో పొగడ్తో తెలియక ఆ పెద్దమనిషి చేయెత్తి అందరికీ నమస్కారం పెట్టాడు. వెనకే మిగతా తిన్నవాళ్ళు గుంపుగా వచ్చిపడ్డారు. ఎవరి దస్తీ ఎక్కడుందో వెతుక్కోవడమే ఒక తమాషా. దిక్కులేని దస్తీలను అక్క ఒక్కొక్కటే ఎత్తి, ఇది ఎవురిదప్పా అని అడిగి, పలికేవాడు లేకపోతే నిలబడ్డవాళ్ళలో ఒకరిని ఆ కుర్చీలో కూర్చోబెట్టింది. చూస్తూండగానే హాలు నిండింది. మళ్ళీ గోడల వెంట కూడా నిండింది. నిర్వాహకుడు తలకాయలు లెక్కపెట్టడం మరిచిపోయి రెండో వరుసలో కూర్చుని, పెన్సిలుతో గడ్డం గీరుకుంటూ వింటున్నాడు. హాలు అడగడానికి లోపలికొచ్చిన ప్రింటర్ల కంపెనీ మనిషి, బయట డబ్బాలున్నాయన్న సంగతే మరిచి కిటికీ గట్టు మీద కూర్చున్నాడు.

గంట ముగిసే వరకూ మేనేజరు పంతొమ్మిదిగా నిలబడే ఉన్నాడు. కూర్చోమని అక్క అనలేదు, ఆయన అడగలేదు. చివర్లో సందేహాలుంటే అడగమన్నప్పుడు, చేయెత్తింది ఆయనే. ఇప్పుడు ఇంగ్లీషు పిడుగు పడుతుందని నేను కళ్ళు మూసుకున్నాను.

"గీ దస్తీలు జరపకుంటనే పని అయ్యే ఉపాయం ఏమన్న ఉన్నదా మేడం?"

కళ్ళు తెరిచాను. తుమ్ము సంగతి శుద్ధ అబద్ధం. ఆ మనిషి పుట్టింది మా అన్న ఊరికి కూతవేటు దూరంలో అయ్యుండాలి.

"ఉండాది సార్," అంది అక్క, ఏమాత్రం తొణకకుండా. "మిమ్మల్ని పక్కకు తప్పిస్తే సగం పని అయిపోతాది." నవ్వులు అణగే దాకా ఆగింది. "యాభైకి లోపలి అంకె కనపడితే ముందు ఇరవై ఉందనుకో, పైది కనపడితే పంతొమ్మిది ఉందనుకో, అని ప్రోగ్రాముకే చెప్పేస్తాం. కుర్చీలు జరిపే పనుండదు. కానీ అది అతుకు సార్, కొన్నేండ్లు నిలుస్తాది. ఏది యాడ చేయాల్నో కనిపెట్టేది నేర్పల్ల పిల్లోళ్ళకు."

చప్పట్లు ఆగాక మిగతా వక్తలు ఒకరి తర్వాత ఒకరు వేదికెక్కారు. వాళ్ళేం చెప్పారో నాకు గుర్తులేదు. మేం ముగ్గురం కారిడార్‌లో గోడ పక్కన, పరీక్ష ఫలితాలకు నిలబడ్డట్టు నిలబడ్డాం. హాల్లో అంత గొంతు చేసిన అక్క, ఇప్పుడు చీర కొంగు అంచు వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ ఉంది.

"కొంచెం ఎక్కువ చేసినానా తమ్ముడూ?" అని అడిగింది మెల్లగా.

"కొంచెం కాదక్కా," అన్నాను. జీవితంలో నేను ఒక్క పిసరూ పెంచకుండా చెప్పిన మాట అదే.

మేనేజరు బయటికొచ్చాడు. టై వదులు చేసుకున్నాడు. అన్నను, నన్ను పైనుంచి కింద దాకా చూసి, అక్క వైపు తిరిగాడు.

"సోమవారం సంది బ్యాచ్ మీది."

అక్క వెంటనే నమ్మలేదు. "ఇంగ్లీషులో చెప్పల్లనా సార్?"

"పిల్లలకు నిద్ర రాని భాషల చెప్పుండ్రి. మద్రాసాయనకు నేను ఫోన్ జేస్త." వేలు ఒకటి ఎత్తాడు. "కానీ ఒక్క షర్తు. గా పంతొమ్మిది వేషం ఇగ నాకు ఇయ్యొద్దు. కాళ్ళు వోయినయి."

అక్క వేలికి చుట్టుకున్న కొంగు వదిలేసింది. ముఖంలోకి ఆ అనంతపురం వెలుగు తిరిగొచ్చింది.

"అట్లంటే ఎట్ల సార్? మన ఆఫీసులో ఆ వేషానికి పనికొచ్చేది మీరొక్కరే గదా!"